వేలికి అందని నాడి

చదవడం ఒక్క నిమిషం ఆపి మీ మణికట్టు పట్టుకుని చూడండి. బొటనవేలి వైపు, ఎముక పక్కన చిన్న పల్లం ఉంటుంది. అక్కడ రెండు వేళ్ళు ఆనిస్తే లోపల కొట్టుకుంటూ తెలుస్తుంది. నాడి అన్నా, పల్స్ అన్నా అదే. చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల లోతులో, రెండు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక ధమని. శార్ఙ్గధర సంహిత దాని నడకని జలగతోనూ, పాముతోనూ, కప్పతోనూ, హంసతోనూ పోల్చింది. ఆ పోలికల్ని ఇవాళ మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వేలి కొసతో లోపలి మనిషి సంగతి తెలుసుకోవచ్చన్న నమ్మకం మనకి చాలా పాతది.

ఎమర్జెన్సీ వార్డులో ఆ చోటు వెతికేది ఇంకో పనికి కూడా. సరిగ్గా అక్కడే సూది గుచ్చి ధమనిలోంచి నెత్తురు తీస్తారు. ఆసుపత్రి భాషలో దాన్ని ఏబీజీ అంటారు. మామూలు రక్తపరీక్షకి మోచేతి దగ్గర తీసేది సిరలోంచి. ఆ నెత్తురు అప్పటికే ఒళ్ళంతా తిరిగి, ఇవ్వాల్సిన ఆక్సిజన్ ఇచ్చేసి, వెనక్కి పోతూ ఉంటుంది. ఊపిరితిత్తులు పని చేస్తున్నాయా లేదా అన్నది తేలాలంటే అక్కడినుంచి అప్పుడే బయల్దేరిన నెత్తురు కావాలి. అది ధమనుల్లోనే దొరుకుతుంది. అందులో ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఆమ్లం ఎంత అన్న మూడు అంకెల మీద మనిషిని వెంటిలేటర్ ఎక్కించాలా వద్దా అన్నది చాలాసార్లు ఆధారపడి ఉంటుంది.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సర్వర్లు పడిపోతే అర్ధరాత్రి ఫోన్ మోగేవాళ్ళలో ఒకణ్ణి. మా పనిలో చేరిన కొత్తలోనే నేర్పే పాఠం ఒకటుంది: సర్వర్ బాగుందో లేదో కనిపెట్టే ప్రోగ్రామ్‌ని అదే సర్వర్ మీద పెట్టకూడదు. పెడితే, సర్వర్ పడినప్పుడు అదీ పడిపోతుంది. అలారం మోగదు. అంతా బాగానే ఉందనుకుని అందరం నిద్రపోతాం. పౌల్ ఆస్ట్రప్, జాన్ సెవరింగ్‌హాస్ అనే ఇద్దరు కలిసి రక్తంలోని వాయువుల పరిశోధన చరిత్రని 1986లో పుస్తకంగా తెచ్చారు. ఆ చరిత్రలో వాళ్ళిద్దరూ స్వయంగా పాత్రధారులు. దాని చుట్టూ చదువుకుంటూ పోతుంటే మా పాఠమే మళ్ళీ మళ్ళీ కనబడింది. ధమని నెత్తురు తీయడంలో ఉన్న అసలు చిక్కు అదే: ఏ రోగికి ఆ పరీక్ష అత్యవసరమో, ఆ రోగి నాడే వేలికి అందదు.

*

ధమనిలోకి గొట్టం పెట్టి చూసిన తొలి ప్రయోగాల్లో పేరుపడ్డది స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతగురువుది. ఒక ఆడగుర్రాన్ని కట్టేసి, తొడ దగ్గరి ధమనిలో ఇత్తడి గొట్టం పెట్టి, దానికి తొమ్మిది అడుగుల గాజు గొట్టం తగిలించాడు. నెత్తురు 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి లేచింది. ఆ సంగతి 1733లో అచ్చయిన అతని పుస్తకంలో ఉంది. గుర్రం బతకలేదు. కానీ ధమనిలో ఎంత ఒత్తిడి ఉంటుందో లోకానికి తెలిసింది, దాంతోపాటు అందులో సూది పెట్టడానికి ఎందుకు భయపడాలో కూడా.

ఆ భయం చాలాకాలం నిలిచింది. రోగం ఏదైనా నెత్తురు తీసేయడమే వైద్యంగా చలామణి అయిన రోజుల్లో కూడా ఎక్కువగా కోసింది సిరలనే. మనిషి మణికట్టు ధమనిలో నేరుగా సూది గుచ్చి, తీసిన నెత్తుర్ని పరీక్షించిన ఫలితాలని జర్మనీలో హ్యూర్టర్ అనే వైద్యుడు 1912లో ప్రచురించాడు. ఏడేళ్ళకి, 1919లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఆసుపత్రిలో విలియం స్టేడీ న్యుమోనియా రోగుల మీద అదే పని చేశాడు. ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని ఊడ్చిపెట్టిన రోజులవి. రోగుల పెదవులు, గోళ్ళు నీలంగా మారడం డాక్టర్లందరూ చూస్తూనే ఉన్నారు. ధమని నెత్తుర్లో ఆక్సిజన్ తగ్గిపోవడం వల్లే ఆ నీలం వస్తోందని స్టేడీ అంకెలతో చూపించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో హీమోగ్లోబిన్ సుమారు 95 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంటే, బాగా జబ్బుపడ్డవాళ్ళలో అది చాలా కిందికి పడిపోయింది.

ఇక్కడిదాకా ఇది పరిశోధకుల పని. వార్డుల్లో రోజువారీ పనిగా మారడానికి ఇంకో మహమ్మారి కావాల్సి వచ్చింది. 1952లో కోపెన్‌హాగన్ నగరాన్ని పోలియో ముంచెత్తింది. బ్లెగ్డమ్ ఆసుపత్రిలో మొదటి వారాల్లో శ్వాసయంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది దక్కలేదు. పరీక్షల్లో వాళ్ళ రక్తంలో బైకార్బనేట్ ఎక్కువగా కనిపించేది. క్షారం పెరిగిపోయిందని, అదేదో అంతుపట్టని మార్పని అక్కడి డాక్టర్లు అనుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుడాక్టరు ఒప్పుకోలేదు. వీళ్ళకి ఊపిరి చాలడం లేదు, కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతోంది, మీరు చూస్తున్న అంకె దాని నీడ అన్నాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ళ అమ్మాయికి గొంతులో రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ ఊపిరి పోశాడు. ఆ అమ్మాయి బతికింది. తర్వాత కొన్ని నెలలపాటు సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రోగుల పక్కన కూర్చుని అలా సంచులు పిసికారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి.

అదే ఆసుపత్రి ల్యాబులో ఉన్నవాడు ఆస్ట్రప్. నెత్తురు ఆమ్లంగా ఉందో క్షారంగా ఉందో నేరుగా కొలిస్తేనే ఇబ్సెన్ మాట నిజమో కాదో తేలుతుంది. కొలిచారు, తేలింది. ఒకే అంకెకి రెండు వ్యతిరేక అర్థాలు ఉండొచ్చని, తప్పు అర్థం తీసుకుంటే పిల్లలు చచ్చిపోతారని వైద్యులకి ఇంత కఠినంగా బోధపడిన సందర్భాలు తక్కువ. ఆ తర్వాత పని వేగంగా జరిగింది. 1954లో రిచర్డ్ స్టో కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ ఆలోచన బయటపెట్టాడు. 1956లో లీలండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ప్రకటించాడు. ఆ రెంటినీ కలిపి సెవరింగ్‌హాస్, ఫ్రీమన్ బ్రాడ్లీ 1958 నాటికి ఒకే యంత్రం తయారుచేశారు. నెత్తుటి బొట్టు ఇస్తే నిమిషాల్లో అంకెలొస్తాయి.

కొలిచే సమస్య అలా తీరింది. తీసే సమస్య మాత్రం 1912లో ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

*

ఆ తీసే పద్ధతి చెప్పడానికి చాలా సులువు. చూపుడు వేలు, మధ్య వేలు నాడి మీద ఆనించాలి. ఎక్కడ గట్టిగా కొట్టుకుంటోందో పట్టుకోవాలి. చేతికి 45 డిగ్రీల వాలులో సూది దించాలి. ధమని దొరికితే సిరంజిలోకి నెత్తురు తనంతట తనే ఎగదన్నుకు వస్తుంది. బయటికి తీశాక అయిదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి, లేదంటే లోపల నెత్తురు గడ్డ కడుతుంది.

నాడి బాగా కొట్టుకునే మనిషికి ఇది నిజంగానే సులువు. అలాంటి మనిషికి సాధారణంగా ఏబీజీ అక్కర్లేదు. అక్కర ఉండేది బీపీ పడిపోయినవాళ్ళకి, ఒళ్ళంతా నీరుపట్టి వాచినవాళ్ళకి, చల్లబడుతున్న చేతులవాళ్ళకి. షాక్‌లో ఉన్న శరీరం గుండెనీ మెదడునీ కాపాడుకోవడానికి కాళ్ళూ చేతుల్లోని నాళాల్ని బిగించేస్తుంది. డాక్టరు వేలికింద దారి చూపాల్సిన నాడి ఆ బిగింపులోనే సన్నబడిపోతుంది. పైగా మొదటి సూది తప్పితే ధమని ఉలిక్కిపడి ముడుచుకుంటుంది, పక్కన నెత్తురు గూడుకట్టి వాస్తుంది. రెండో ప్రయత్నం మొదటిదానికంటే కష్టం, మూడోది రెండోదానికంటే. తప్పు చేసిన కొద్దీ తర్వాతి తప్పుకి అవకాశం పెరిగే ఇలాంటి వలయాలంటే మా వాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది.

మా పెద్దమ్మ కొన్నేళ్ళ కిందట వారం రోజులు ఐసీయూలో ఉంది. మూడోరోజుకే రెండు మణికట్లూ నేరేడుపండు రంగుకి తిరిగాయి. వార్డులో వాళ్ళ తప్పేమీ లేదు, ఆవిడ బీపీ అంత తక్కువగా ఉండేది. తేరుకున్నాక ఆవిడ నాతో అన్న మాట ఒకటి గుర్తుండిపోయింది. "గుచ్చితే గుచ్చారు లేరా, లోపల ఆ కెలకడమే భరించలేకపోయాను." కనబడని దాన్ని సూదితో వెతకడానికి అంతకంటే సరైన క్రియ తెలుగులో ఉందనుకోను.

మరి వేలికి తొడిగే ఆక్సీమీటర్ ఉంది కదా, ఈ సూదులెందుకు అని మీరు అడగొచ్చు. 2021 వేసవిలో మన ఇళ్ళల్లో థర్మామీటర్ పక్కకి అదీ వచ్చి చేరింది. జపాన్‌లో తకువో అయోయాగి 1970ల మొదట్లో కనిపెట్టిన ఉపాయం అది. వేలిగుండా వెళ్ళే కాంతిలో చర్మం, ఎముక, సిరలు పీల్చుకునే భాగం స్థిరంగా ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మారేది ధమని నెత్తురు పీల్చుకునే భాగం ఒక్కటే. ఆ మారేదాన్ని విడదీసి లెక్కకడితే ఆక్సిజన్ శాతం వస్తుంది. చక్కటి ఆలోచన. కానీ చూడండి, అదీ నాడి మీదే ఆధారపడింది. చేతులు చల్లబడ్డ రోగి వేలికి తొడిగితే తెర మీద గీత వణుకుతుంది, అంకె తేలిపోతుంది. పైగా అది చెప్పేది ఆక్సిజన్ ఒక్కటే. కోపెన్‌హాగన్ పిల్లల్ని చంపిన కార్బన్ డయాక్సైడ్ గురించి దానికి తెలియదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆక్సీమీటర్ అంకెల్ని, దాదాపు అదే సమయంలో తీసిన ధమని నెత్తురు అంకెలతో పోల్చి చూశారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా, ధమని నెత్తుర్లో నిజంగా 88 కంటే తక్కువున్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం ఉంటే, నల్లజాతివాళ్ళలో 11.7 శాతం ఉన్నారు. చర్మం రంగు ముదిరితే యంత్రం ఎక్కువ చేసి చెప్పే అవకాశం ఉందన్నమాట. ఆ అధ్యయనం అమెరికా రోగుల మీద జరిగింది. అయినా అది చదివిన రాత్రి నా వేలికి ఆక్సీమీటర్ తొడుక్కుని కాసేపు దానివంక చూస్తూ కూర్చున్నాను. ఆ యంత్రం పొరబడిందని తెలిసింది ఎలాగ? ధమని నెత్తురు సాక్ష్యం చెబితేనే.

*

అంటే కావాల్సింది నాడి కొట్టుకోవడంతో నిమిత్తం లేకుండా ధమనిని చూపించే సాధనం. అది వైద్యం వైపు నుంచి రాలేదు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాల్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ లాంజెవాన్ అలాంటి స్ఫటికంతో నీళ్ళలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనితో జలాంతర్గాముల్ని పసిగట్టే ప్రయత్నం చేశాడు. తర్వాత ఓడల కర్మాగారాల్లో ఉక్కులో పగుళ్ళు పట్టుకోవడానికి అదే వాడారు. 1953లో స్వీడన్‌లో ఇంగె ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్స్ అనే ఇద్దరు మాల్మో ఓడల కర్మాగారం నుంచి అలాంటి యంత్రాన్ని అడిగి తెచ్చుకుని గుండె మీద ఆనించారు. 1958లో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ బృందం కడుపులోని గడ్డల్ని, గర్భంలోని శిశువుని చూపించే బొమ్మలు అచ్చు వేసింది.

ఆ బొమ్మల్లో గర్భంలో శిశువు కనిపించినంత మాత్రాన మణికట్టులో ధమని కనిపించదు. కారణం లెక్కలోనే ఉంది. శరీరంలో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు పోతుంది. 2 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు ముప్పావు మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల ధమనికి అది మరీ మోటు గీటురాయి. 10 మెగాహెర్ట్జ్‌కి వెళితే తరంగం 0.15 మిల్లీమీటర్లకి దిగుతుంది, అంచులు తేటపడతాయి. మూడు మిల్లీమీటర్ల లోతునున్న గోడని తాకి శబ్దం తిరిగొచ్చేది సుమారు 4 మైక్రోసెకన్లలో. అంత సన్నటి వ్యవధుల్ని వరసగా పట్టుకుని, కదిలే బొమ్మగా మార్చి, చౌకగా అందించడానికి ఎలక్ట్రానిక్స్ ఎదగాలి. అందాకా చూపుకి బదులు చెవిని వాడారు. 1976లో నాగభూషణ్, మరో ఇద్దరు వైద్యులు కలిసి, డాప్లర్ శబ్దం వింటూ మణికట్టు ధమనిలో గొట్టం పెట్టడం గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. వేలికి అందనిది చెవికి అందింది. అయితే అదీ లోపల నెత్తురు పారే చప్పుడే.

మలుపు 1999లో వచ్చింది. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ సొమ్ముతో, యుద్ధభూమిలో వాడుకోవడానికని మొదలైన పని నుంచి సోనోసైట్ అనే కంపెనీ చేత్తో మోసుకెళ్ళగల అల్ట్రాసౌండ్ యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. బరువు రెండున్నర కిలోల లోపు. అప్పటిదాకా రోగి స్కానింగ్ గదికి వెళ్ళేవాడు, ఇక యంత్రం రోగి దగ్గరికి రావచ్చు. 2002లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మెడ దగ్గరి పెద్ద సిరల్లో గొట్టం పెట్టేటప్పుడు అల్ట్రాసౌండ్ వాడమని సిఫారసు చేసింది. ఆ వెనకే మణికట్టు వంతు.

తెర మీద ధమని ఒక నల్లటి చుక్క. పక్కనే రెండు చిన్న సిరలు. ప్రోబ్‌తో కొద్దిగా నొక్కితే సిరలు అణిగిపోతాయి, ధమని నిలబడుతుంది. సన్నబడ్డా, వేలికి తెలియకుండా కొట్టుకుంటున్నా అది అక్కడే ఉంటుంది, ఎందుకంటే బొమ్మ గీస్తున్నది దాని గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలైన తెగతెంపులు ఇక్కడ జరిగాయి. కాపలావాణ్ణి మొదటిసారి వేరే సర్వర్ మీదికి మార్చారు. 2006లో అమెరికాలోని జార్జియాలో ఎమర్జెన్సీ వైద్యులు 60 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి మణికట్టు ధమనిలో గొట్టం పెట్టి చూశారు. వేళ్ళతో వెతికితే సగటున 314 సెకన్లు, 2.2 ప్రయత్నాలు. అల్ట్రాసౌండ్‌తో 107 సెకన్లు, 1.2 ప్రయత్నాలు.

అంతటితో కథ సుఖాంతం అనేయొచ్చు గానీ, 2013లో ఫ్రాన్స్ ఎమర్జెన్సీ వైద్యులు మామూలుగా ఏబీజీ అవసరమయ్యే రోగుల్లో ఇదే పోల్చితే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. ఈ రెండూ కొట్టుకుంటున్నాయని నేననుకోను. గొట్టం పెట్టడం వేరు, ఒక్కసారి నెత్తురు లాగడం వేరు. నాడి దొరికే మనిషికి వేలు చాలు. యంత్రం తెచ్చి, జెల్ పూసి, బొమ్మ కుదుర్చుకునేలోగా అనుభవమున్న చెయ్యి పని ముగిస్తుంది. నేర్చుకోనివాళ్ళకి తెర కూడా మోసమే చేస్తుంది: సూది నడుమభాగం కనబడితే అదే కొస అనుకుని ఇంకా లోపలికి దించుతారు. యంత్రం విలువ సగటు రోగి దగ్గర తేలదు. అందరూ చేతులెత్తేసిన రోగి దగ్గర తేలుతుంది.

*

ఆ రోగి దగ్గరికి మనదేశంలో యంత్రం రావడానికి ఇంకో గుమ్మం దాటాలి. ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళినా గోడమీద బోర్డు చూసే ఉంటారు: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు. ఆ బోర్డు వెనకున్న చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమల్లో ఉంది, 2003లో మరింత బిగిసింది. ఎందుకొచ్చిందో కూడా మనకి తెలుసు. ఆరేళ్ళలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927 మంది, 2011లో 919 మంది. గ్లాస్గో నుంచి వచ్చిన బొమ్మని మనం దేనికి వాడుకున్నామో ఆ మూడు అంకెలూ చెబుతాయి.

అందుకని ఇక్కడ ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ, మణికట్టు చూడటానికి కొన్నా సరే, రిజిస్టర్ కావాలి. ఎవరు వాడతారో నమోదు చేయాలి. మోసుకెళ్ళే యంత్రాన్ని మోసుకెళ్ళడం మీద 2012 నుంచి ఆంక్షలున్నాయి. ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ప్రత్యేక శాఖగా భారత వైద్య మండలి గుర్తించిందే 2009లో. ఈ నిబంధనల వల్ల పడక పక్కకి అల్ట్రాసౌండ్ రావడం ఆలస్యమైందని ఆ శాఖ వైద్యులు చాలాకాలంగా అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అర్ధరాత్రి రెండింటికి షాక్‌లో ఉన్న మనిషికి, తాళంవేసిన గదిలోని యంత్రం ఉన్నా లేనట్టే. చట్టం వైపు కూడా న్యాయం ఉంది. ప్రోబ్ మార్చి కడుపు మీద పెడితే అదే పెట్టె ఇంకో పని చేసిపెడుతుంది, చేయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పుట్టని ఆడపిల్లల లెక్క జనాభా పట్టికల్లోకి ఎక్కింది. ఆలస్యమైన సూదుల లెక్క మనదగ్గర ఏ పట్టికలోకీ ఎక్కదు. అందుకే ఈ తగవు ఎప్పుడూ ఒకవైపుకే మొగ్గుతుంది.

తూకం ఎటు మొగ్గాలో చెప్పే అర్హత నాకు లేదు. ఇంజనీరుగా ఒకటి మాత్రం అడగగలను. లోతుగా చూసే 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌కీ, నాలుగు సెంటీమీటర్ల లోతు దాటి సరిగా చూడలేని 10, 15 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌కీ భౌతికశాస్త్రంలో ఉన్న తేడా మన రిజిస్టర్లలో ఎందుకు ఉండకూడదు? మణికట్టు ధమనిని చూపించే తరంగం గర్భం దాకా పోయి తేటగా బొమ్మ తేలేదు. లోతు కావాలంటే స్పష్టత వదులుకోవాలి, స్పష్టత కావాలంటే లోతు వదులుకోవాలి. పైపైని నాళాలు తప్ప మరేమీ చూపించలేని యంత్రాన్ని విడిగా గుర్తించి, దాన్ని క్యాజువాలిటీలో తాళం లేకుండా ఉంచమనడం చట్టాన్ని సడలించమనడం కిందికి రాదనుకుంటాను. అప్పటిదాకా మన జిల్లా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ హౌస్‌సర్జన్ రెండు వేళ్ళు మణికట్టు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, 1912లో హ్యూర్టర్ వెతికినట్టే వెతుకుతుంటాడు.